మునెప్ప కడుపు మీద పెట్టిన చెయ్యి

“కడుపు వదులు చెయ్ మామా, బస్సుకు టైమైపోతాండాది.”

“వదులుగానే ఉండాది మే.”

నా మొగుడు మునెప్పా నేనూ ఆఖరుగా మాట్లాడుకున్న మాటలు ఇవే. అప్పటికి నేను మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో, ఆపరేషన్ వార్డులో ఆయాగా చేరి పద్నాలుగేండ్లు. కాపురం పుంగనూరులో. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని.

ఆయా పని అంటే దుప్పట్లు మార్చడం, బెడ్‌ప్యాన్ పెట్టడం, రోగిని టేబుల్ మీదికి ఎత్తడం. కడుపు పట్టి చూడడం డాక్టర్ల పని. అయినా మా సిస్టరమ్మ నాకు నేర్పించింది. రోగి మంచం కాడ ఎక్కువసేపు ఉండేది ఆయానే గదా అనేది. చేతులు రుద్దుకొని వెచ్చ చేసుకోవాల. రోగిని మోకాళ్లు మడిచి పండుకోమనాల. నొప్పి యాడుందో అడిగి, ఆ చోటును ఆఖరున తాకాల. వేళ్లతో పొడవకూడదు, అరచెయ్యి ఆనించాల. కండ్లు చేతి మీద కాదు, రోగి మొగం మీద ఉండాల. కడుపు చెక్క మాదిరి బిగుసుకొని, ఎంత చెప్పినా వదులు కాకపోతే లోపల చిల్లు పడిందేమో అనుకోవాల. అప్పుడు ఎవురినీ అడగకుండా డాక్టరు కాడికి పరిగెత్తమనింది.

నాకు చదువు రాదు, రాసుకునేదానికి లేదు. అందుకని ఇంటికొచ్చి మునెప్పను చాప మీద పండబెట్టి చెయ్యి ఆనించి నేర్చుకుంటిని. ఆయన టమోటా మండీలో బాక్సులు మోసే మనిషి. నేను చెయ్యి పెడతానే ఊపిరి బిగబట్టి కడుపును బండ చేసేవాడు. “డాక్టరమ్మా, కోసేయండి, లోపల టమోటా బాక్సు ఉండాది” అనేవాడు. “నీ యవ్వారం తగలెయ్య” అని కడుపు మీద ఒకటి వేస్తే పకపకా నవ్వి వదులు చేసేవాడు. నేర్చుకోవడం అయిపోయినా ఆ ఆట పోలేదు.

ఆ పొద్దు ఆయన మండీకి పోలేదు. మోకాళ్లు ముడుచుకొని పండుకోనుండాడు. కడుపు నొప్పి అన్నాడు. నేను క్యారియర్ సంకలో పెట్టుకొని, నిలబడే వంగి, చొక్కా మీదనే చెయ్యి పెడితిని. చెక్క. వదులు చెయ్యమంటిని. వదులుగానే ఉండాదని చెప్పినాడు. నేను నమ్మలేదు, ఆటకు బిగబట్టినాడు అనుకుంటిని. ఎప్పటి మాదిరే ఒకటి వేసి, మొగం చూడకుండా బయటికొస్తిని. నవ్వు ఇనపడలేదే అని బస్సెక్కినాక తట్టింది. దిగలేదు.

మధ్యాహ్నం పక్కింటోళ్లు ఆయన్ని ఆటోలో మా వార్డుకే తెచ్చినారు. అప్పటికే మాట లేదు. డాక్టరు చెయ్యి పెట్టి, వెంటనే టేబుల్ మీదికి అన్నాడు. ఎత్తినోళ్లలో నేనూ ఉండాను. పేగుకు చిల్లు పడి లోపలంతా చీము. “పొద్దున్నే తెచ్చింటే బాగుండేదమ్మా. పొద్దున ఎవరూ చూడలేదా?” అని అడిగినాడు.

“ఎవురూ సూడలేదు సార్” అన్నాను.

మూడో రోజు పోయినాడు.

రిటైరయ్యేదాకా అదే వార్డులో చేసినాను. కొత్తగా చేరిన ఆయాలకు నేనే నేర్పించినాను. మనిషి ఎంత ఎగతాళి చేసేవాడైనా చెయ్యి చెప్పింది నమ్మాల, మొగం చూడాల, బస్సు పోతే ఇంకొకటి వస్తాది అని చెప్పేదాన్ని. నాకు అది యాడ తెలిసిందో మాత్రం చెప్పలేదు.

ఇది రాస్తాండేది మా అక్క కూతురు సునీత. కుప్పంలో నర్సు చదువుతాండాది. సునీతా, సార్‌కు నేను చెప్పిన అబద్ధం కాడ ఏమీ మార్చలేదు గదా? ఆ ముక్క మళ్లా సదివి ఇనిపించమ్మా.