ఉప్పు దాచిన మధ్యాహ్నం

నా చిన్నప్పుడు, తమిళనాడులో, అరుప్పుకోట్టైలోని మా తెలుగువాళ్ల మగ్గాల వీధిలో ఎండాకాలపు మధ్యాహ్నాలు కలలో నడిచినట్టుండేవి. మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయేది. ఆరబెట్టిన రంగు నూలు నీడలో మేము పిల్లలం నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉండేవాళ్లం. అలాంటి ఒక మధ్యాహ్నం మా తాత మగ్గం దిగి, ఐస్‌క్రీం చేయడానికి కూర్చున్నాడు.

పక్కింటి అక్కకు గొంతులో గడ్డలు కోసి నాలుగు రోజులైంది. మాట లేదు, గంజి కూడా దిగడం లేదు. మనిషి పుల్లలా అయిపోయింది. చల్లగా ఏదైనా పెట్టి చూడమన్నాడట డాక్టరు. బండి మీద అమ్మే పుల్ల ఐసు నోట్లో పెట్టుకుని, గుచ్చుకుంటే ఉమ్మేసింది. పలక మీద 'ఐస్‌క్రీం' అని రాసి చూపించింది.

విరుదునగర్‌లో ఒక కాఫీ క్లబ్బు మూతపడ్డప్పుడు తాత తెచ్చుకున్న మిషను మా అటక మీద ఉండేది. ఒక కొయ్య పీపా, అందులో పాలు పోసే తగరపు డబ్బా, పైన తిప్పే పిడి. డబ్బా చుట్టూ ఐసు నింపి, దాని మీద కల్లుప్పు చల్లుతూ తిప్పితే పాలు గడ్డకడతాయి. ఉప్పు చల్లే పని నాకిచ్చాడు.

మా అవ్వకు ఉప్పంటే లక్ష్మి. పారబోసినవాళ్లు చచ్చాక దాన్ని కనురెప్పలతో ఏరాలని మాకు ఉగ్గుపాలతో నేర్పింది. రెండు పడుల ఉప్పు కరిగి కాలువ పాలవుతుందని తలచుకుంటేనే నాకు గుండె జారింది. చల్లమన్నది తాత కాబట్టి ఏరవలసిందీ తాతే, ఆయనకేమో అప్పటికే చూపు మసక. పైపైన నాలుగు గింజలు విసిరి, మిగిలినదంతా పావడలో మూటకట్టి దాచేశాను.

తాత తిప్పుతూనే ఉన్నాడు. ఐసు సగం నీళ్లయింది, పాలు పాలుగానే ఉన్నాయి. మళ్లీ ఐసు కావాలంటే విరుదునగర్ బస్సెక్కాలి. కిటికీలోంచి అక్క కళ్లు ఆర్పకుండా చూస్తోంది. నాకు ఏడుపు ఆగలేదు. పావడ విప్పి చూపించాను.

"ఏంటికి పిల్లా దాస్తివి?" అన్నాడు తాత.

"నువ్వు చచ్చినాక కన్రెప్పతో ఏరాల కదా తాతా."

ఆయన కొట్టలేదు, నవ్వనూ లేదు. నా పావడ పట్టుకుని ఉప్పంతా పీపాలోకి దులిపేశాడు. "ఏరతాలే. ఆడ నాకు మగ్గం ఉండాదా, మాగాణి ఉండాదా? కూసోని ఏరతా. ముందు ఆ పిల్ల తినాల," అని మళ్లీ పిడి అందుకున్నాడు.

ఉన్న ఐసుకు ఒక్క గిన్నెడే గట్టిపడింది. మాకెవరికీ దక్కలేదు. అక్క ఒక చెంచా నాలుక మీద పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత మింగింది. "ఇంగొంచెం" అన్న మాట గాలిలా బయటికొచ్చింది. వాళ్లమ్మ గుమ్మంలోంచి పరుగున వచ్చి చెంచా అందుకుంది.

ఇప్పుడు కోవిల్‌పట్టిలో మా మనవరాలి ఇంట్లో కరెంటు మిషను ఉంది. ఉప్పూ అక్కర్లేదు, తిప్పనూ అక్కర్లేదు. పోయిన ఏడాది, మంచం దిగలేని ఆఖరి రోజుల్లో, మా ఆయన మామిడిపండు ఐస్‌క్రీం అడిగారు. షుగరు మనిషికి వద్దంటే వద్దని ఇంటిల్లిపాదీ నాకు అడ్డం నిలబడ్డారు. నేను చేసి, నా చేత్తోనే మూడు చెంచాలు పెట్టాను. ఆయన పెదవులు తడుపుకుని, నా వైపు చూసి, హాయిగా కళ్లు మూసుకుని ఆ రుచి చప్పరించారు. బతుకులో చేసిన చాలా పనులకు నేను ఇప్పటికీ సంజాయిషీ వెతుక్కుంటూ ఉంటాను. ఆ మూడు చెంచాలకు మాత్రం ఎవరికీ జవాబు చెప్పుకోవాలని నాకు ఏనాడూ అనిపించలేదు.