బొమ్మ కోసం ఏడ్చిన అమ్ములు

సోంపేట నుంచి సముద్రం వైపు వెళ్ళే ఆటోల్లో ఎవరినడిగినా అమ్ములు ఇల్లు చూపిస్తారు. చేపలమ్మే అమ్ములా, చావు ఇళ్ళలో ఏడ్చే అమ్ములా అని మాత్రం ఎదురడగరు, ఇద్దరూ ఒక్కరే గనక. పెళ్ళైన కొత్తలో నెత్తికెత్తుకున్న చేపల తట్ట ఆవిడ ఇప్పటికీ దించలేదు. ఉద్దానం ఊళ్ళలో ఏ కొబ్బరితోట వెనక ఏ ఇల్లుందో, ఆ ఇంట్లో ఎవరికి కవళ్ళ చేపలంటే ప్రాణమో, ఎవరు చందువా తప్ప ముట్టరో అంతా కంఠోపాఠం. అందుకే ఆ ఇళ్ళలో ఎవరైనా పోతే తట్ట ఎక్కడిదక్కడ దించేసి పరిగెత్తేది. పిలుపు కోసం చూసేది కాదు. శవం కాళ్ళ దగ్గర కూలబడి, కొప్పు విప్పుకుని, పోయినవాళ్ళ పేరు పెట్టి శోకం ఎత్తుకుందంటే, అంతవరకూ తోట ఎవరి వాటాకొస్తుందని గుసగుసలాడుకుంటున్న అల్లుళ్ళు కూడా తువ్వాలు కళ్ళకద్దుకోవలసిందే.

ఏడుపు ఎవరికైనా వస్తుంది. అమ్ములు ఏడుపు అలాంటిది కాదు, పోయిన మనిషిని మళ్ళీ మంచం మీద కూర్చోబెట్టేది. రామూర్తి అనే రైతు కిడ్నీ జబ్బుతో చాలాకాలం తీసుకుని తీసుకుని పోయాడు. ఆ రోజు ఆవిడ అన్న మాటలు ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఉప్పు ముట్టొద్దన్నారని నీ గుమ్మం దాటెల్లిపోయినానే రామూర్తి బావా! ఎండు నెత్తళ్ళు రెండియ్యే అమ్ములూ అని నువ్వు కేకేత్తంటే ఇననట్టు ఎల్లిపోయినానే! ఇయ్యాల తట్టంతా నీ ముందెట్టినాను, లెగవ్వేటి బావా!"

రామూర్తి కొడుకు నిరంజన్ అప్పుడు కాలేజీలో చదువుకుంటున్నాడు. అప్పటిదాకా బిగబట్టుకుని నిలబడ్డ కుర్రాడు ఆ మాటతో గోడకానుకుని కూలబడ్డాడు.

ఇంతమందికి ఏడ్చిన అమ్ములు తన కొడుక్కి ఏడవలేదు.

ఒక్కగానొక్క కొడుకు ధనరాజు. ఆ తీరంలో కుర్రాళ్ళందరిలాగే బోటు పనికి గుజరాత్ వెళ్ళాడు. సౌజన్యను పెళ్ళి చేసుకుని ఏడాది తిరగలేదు. అక్కడ తుపానులో బోటు బోల్తా పడింది. కొందరు ఈదుకొచ్చారు, కొందరి శవాలు ఒడ్డుకొచ్చాయి. ధనరాజు రాలేదు, శవమూ రాలేదు. ఫోనొచ్చిన రోజు జాలర్ల పేటలో ఆడవాళ్ళంతా అమ్ములు వాకిట్లో చేరారు. ఆవిడ మొదలుపెడితే తాము అందుకుందామని అందరూ ఆ నోటికేసే చూస్తున్నారు.

"ఎవులూ ఏడవొద్దు," అంది అమ్ములు. "నా కొడుకు సచ్చినాడని నాకెవుడూ సూపించలేదు. కంటితో సూడకుండా నోటితో సంపీమంటారేటి?"

ఆ పేటలో అదొక నమ్మకం. తల్లి నోట పేరు పెట్టి శోకం వచ్చిందంటే ఆ మనిషి పోయినట్టే. ఆ తర్వాతే పెద్దలు కర్మకాండ మాటెత్తుతారు, ఆ తర్వాతే భార్య బొట్టు తీస్తుంది. అమ్ములు నోరు తెరవనంతకాలం ధనరాజు ఎక్కడో ఒకచోట ఉన్నట్టే లెక్క. సరిహద్దు దాటి కొట్టుకుపోయి ఏ పరాయి దేశం జైల్లోనో ఉండి ఉంటాడని ఆవిడే అందరికీ చెప్పేది. చెబుతున్నప్పుడు ఎదుటివాళ్ళు తలాడించకపోతే ఒళ్ళు మండిపోయేది.

సౌజన్య ఆ మర్నాడు పొయ్యి దగ్గర కూర్చుని వెక్కుతుంటే అమ్ములు గబగబా వచ్చి కోడలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఏడిత్తే ఆడు రాడే అమ్మా. నాకోసం ఆపీ." సౌజన్య ఆపేసింది. ఆ ఆపడం ఎంత ఆపడమంటే, జీడిపప్పు ఒలిచే పనిలో జీడినూనె పడి వేళ్ళు కాలినా ఆ పిల్ల కంట చుక్క రాలేది కాదు. నుదుట బొట్టు పెట్టుకునేది, పనికెళ్ళేది, వచ్చి అత్తకు అన్నం పెట్టేది. కన్నతల్లి నాలుగైదుసార్లు వచ్చింది. పిల్ల చిన్నది, మారుమనువు చేస్తామని కాళ్ళావేళ్ళా పడింది. "ఆ ముసిల్ది ఏడిత్తే గానీ నా పిల్లకి దారి లేదు" అని వీధిలో నిలబడి తిట్టి మరీ వెళ్ళింది. "అత్త ఏడవకుండా నానెలగొత్తానమ్మా" అన్నదొక్కటే సౌజన్య మాట.

అమ్ములు చావు ఇళ్ళకు వెళ్ళడం మానేసింది. జనం ఏవేవో అనుకున్నారు గాని అసలు సంగతి ఆవిడకొక్కదానికే తెలుసు. ఎవరి కాళ్ళ దగ్గర కూర్చున్నా నోట్లోంచి కొడుకు పేరే ఊడిపడుతుందని హడలు. ఏడవక గొంతులో ముల్లు దిగినట్టుండేది. అన్నం దిగేది కాదు.

అలాంటి రోజుల్లో నిరంజన్ వచ్చాడు. ఇప్పుడతను విశాఖపట్నంలో బొమ్మల సినిమాలు తీసే చోట పనిచేస్తున్నాడు.

"పిన్నీ, నీ ఏడుపు కావాల," అన్నాడు అరుగు మీద కూర్చుంటూ.

"ఎవులు పోయినారు బాబూ?"

"ఎవులూ పోలేదు. సినిమాకి." సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. "పాతకాలం థియేటర్ పిన్నీ ఇది. ఇందులో పిల్లలకి పాటల పోటీ. ఎనకటికి ఈ స్టేజీ మీద పాడాల్సిన ఒక పిల్ల, దాని వంతు రాకముందే సచ్చిపోయింది. ఆ దిగులుతో తల్లీ పోయింది. ఇప్పుడు ఎవులు మైకు పట్టుకున్నా తెర ఎనకాల నుంచి ఆ తల్లి ఏడుపు ఇనిపిత్తాది. పోటీకొచ్చిన పిల్లలే ఆ గుట్టు తేలుత్తారు."

"తేలిందేటి?"

"అది సెప్పీత్తే సినిమా ఎవులు సూత్తారు పిన్నీ?"

అమ్ములు ఆ బొమ్మను చాలాసేపు చూసింది. బొమ్మే గదా, ఎన్నడూ బతకని పిల్ల, నిజంగా చావని పిల్ల. దానికేడిస్తే ఎవరికీ ఏమీ కాదనిపించింది. గొంతులో ముల్లు కూడా కాస్త కదులుతుందని ఆశపడింది. సరేనంది.

పలాసలో స్నేహితుడి ఇంట్లో ఒక గది చూసి, కిటికీలకు బొంతలు కట్టి, మైకు పెట్టాడు నిరంజన్. బయట బట్టీల్లో జీడిగింజలు కాలుతున్న వాసన బొంతల్ని దాటుకుని మరీ వస్తోంది. అమ్ములు నేలమీద కూర్చుంది. ఏడుద్దామని నోరు తెరిచింది. రాలేదు.

"ఆ పిల్ల పేరేటి?"

"పేరెట్టలేదు పిన్నీ."

"పేరు లేకుండా ఎలగేడిసేది?"

నిరంజన్ తడుముకుని, "భార్గవి అనుకో" అన్నాడు.

"భార్గవో" అని ఎత్తుకుంది అమ్ములు. మొదట్లో ఏదో అప్పగించిన పని చేసినట్టు చేసింది. రానురాను గొంతు మారింది. "దుప్పటి సాలక ముడుసుకుని పడుకుంటావు గదా బిడ్డా! అంత సల్లటి నీళ్ళలో ఎలగ నిద్దరోతన్నావు నాయనా!" థియేటర్ కథలోకి నీళ్ళెక్కడివని నిరంజన్ తలెత్తి చూశాడు. అమ్ములు కళ్ళు మూసుకుని ఊగిపోతోంది. ఆవిడకు గదీ లేదు, మైకూ లేదు. కొడుకు శవాన్ని చూపించని అరేబియా సముద్రం మాత్రమే ఉంది. "ధనరాజో! నా ధనరాజో!"

అప్పుడు తెలివొచ్చింది. రెండు చేతులూ నేలకు కొట్టి నోరు బిగించుకుంది.

"ఆ పేరు తీసియ్యి బాబూ. నానన్లేదు. నువ్వినలేదు. తీసియ్యి!"

నిరంజన్ బెదిరిపోయాడు. ఆవిడ కళ్ళెదుటే కంప్యూటర్‌లో ఆ పేరున్న ముక్క కోసేశాడు. హెడ్‌ఫోన్ చెవులకు పెట్టి వినిపించాడు. పేరు లేదు. పిన్ని దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపి, తనూ ఏడ్చాడు పాపం.

ఇంటికొచ్చాక అమ్ములు కడుపునిండా అన్నం తింది. గొంతులో ముల్లు లేదు. ఆ లేకపోవడమే ఆవిడను గుండెల్లో పొడిచింది. కొడుకు మీద బెంగ తీరిపోయిందా, కన్నతల్లినేనా నేను అని తన్ను తాను తిట్టుకుంది. కోడలితో మాత్రం "బొమ్మకేడిసొచ్చినానే" అని తేలిగ్గా అనేసింది.

సినిమా పలాస హాల్లోకి వచ్చిన రోజు నిరంజన్ పేటకు వ్యాన్ పంపించాడు. పిల్లలంతా ఎగబడ్డారు. సౌజన్య పని మానుకుని వచ్చింది. ఉదయం ఆటకే హాలు నిండిపోయింది. తెరమీద ఒక బొమ్మపిల్ల మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకుంది. దీపాలు ఆరిపోయాయి. అమ్ములు ఏడుపు హాలంతా పరుచుకుంది. నీళ్ళ మాట వచ్చినచోట కథ కుదరడానికి నిరంజన్ సినిమాలోని థియేటర్ కప్పు పగలగొట్టి, స్టేజీ మీద వాన కురిపించాడు. పిల్లలు ఒకరినొకరు కరిచిపట్టుకున్నారు. పేరు రావలసినచోట ఉరుము ఉరిమింది. అమ్ములు చీరకొంగు పిడికిట్లో బిగించి కూర్చుంది. పక్కనున్న సౌజన్య కేసి చూసే ధైర్యం లేకపోయింది.

సినిమా చివర్లో ఆ బొమ్మపిల్లలు తెర లాగిపారేశారు. వెనక దెయ్యం లేదు. పెద్ద స్పీకరుంది. దాని పక్కన మీసాలాయన ఒకడు నక్కి కూర్చున్నాడు. మిగతా పిల్లల్ని బెదరగొట్టి తన కొడుక్కి బహుమతి కొట్టేద్దామని టేపు పెట్టి ఏడిపిస్తున్నాడట. "దెయ్యమూ అబద్ధమే, ఏడుపూ అబద్ధమే!" అని ఒక బొమ్మగుంటడు అరిచాడు. మీసాలాయన కంగారులో మీటలన్నీ నొక్కేస్తుంటే ఆ శోకం ఒకసారి గబగబా, ఒకసారి సాగదీసినట్టు, ఒకసారి కోడి కూసినట్టు వచ్చింది. హాలంతా పగలబడి నవ్వింది. పేట పిల్లలు సీట్లలో వెనక్కి తిరిగి, అమ్ములును చూసి చప్పట్లు కొట్టి మరీ నవ్వారు. నిరంజన్‌ని అని లాభం లేదు. పిల్లల్ని నవ్వించడం అతని పని, బాగానే చేశాడు.

అమ్ములు మొదట తల వంచుకుంది. తరవాత వింతగా ఆశ పుట్టింది. అబద్ధమనే అంటున్నారు గదా ఇంతమంది. ఏడుపు అబద్ధమైతే కొడుకు ఉన్నట్టే గదా. ఆ తల్లి మనసు ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకుందో చెప్పలేం. నవ్వుదామని పెదాలు కూడా కదిపింది.

"అత్తా," అంది సౌజన్య. ఆ పిల్ల నవ్వడం లేదు. "అది నీ కొడుక్కే గదా?"

"బొమ్మకేనే అమ్మా. సూడు, అబద్దమంటన్నారు గదా అందరూ."

"దుప్పటి సాలక ముడుసుకునేది ఎవులో నాకు తెల్దా అత్తా?"

సౌజన్య ఆవిడ మోకాలి మీద చెయ్యేసి, చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"నువ్వేడిసీసినావు గదా అత్తా. ఇంక నానూ ఏడవొచ్చునా?"

హాలు ఇంకా నవ్వుతూనే ఉంది. అమ్ములు కోడల్ని దగ్గరకు లాక్కుని, ఆ మొహాన్ని గుండెకదుముకుంది.

"ఏడు నా తల్లీ," అంది. "పేరెట్టి ఏడు."