చెవిపురుగుకు పెట్టాల్సిన పేరు

గోరంట్లకు ఇవతల ఖాళీ బిందెలతో ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కూర్చోవడంతో మా బస్సు ఆగిపోయింది. ముందూ వెనకా లారీలు. లోపల నిలబడ్డ జనంతో దారి మూసుకుపోయి దిగే వీలు కూడా లేదు. అప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో టీచరుని. కిటికీ పక్కనున్న ఆమె ఒళ్లో ఒక ఫొటో పెట్టుకొని అదే పనిగా చూస్తోంది. రాతి పలక మీద చిన్న పురుగు అచ్చు, తోక చివర పటకారు.

“చెవిపురుగు కదక్కా?” అన్నాను.

“ఊ. కోట్ల ఏండ్ల కిందటిది. ఇట్లాంటి జాతి ఒకటి ఉన్నట్టు ఇంతవరకు ఎవరికీ తెలీదు. నేనే గుర్తుపట్టి, దాని వివరమంతా రాసినా.”

“అయితే పేరు కూడా నువ్వే పెడతావా?”

“మా సారు తన పేరే పెట్టమంటాండాడు. లేకుంటే నా పీహెచ్‌డీ మీద సంతకం పెట్టడంట.”

బయట డ్రైవరు బతిమాలుతున్నాడు. “నీళ్లు వచ్చేదాకా లేసేదే లేదు పోప్పా,” అంది రోడ్డు మీదున్న ముసలామె. నా పక్కనున్నామె చాలాసేపు ఆ ముసలామెనే చూస్తూ కూర్చుంది.

ట్యాంకరు వచ్చాక బస్సు కదిలింది. ఆమె ఇంకా దూరం పోవాల్సి ఉన్నా గోరంట్లలోనే దిగి, ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌లోకి పోయింది. అద్దంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. మొదట తల వంచుకొని విన్నది. తర్వాత తలెత్తి ఏదో అంది. వినపడలేదు కానీ, ఆ పెదవుల కదలికకు “కుదరదు సార్” అన్నట్టే తోచింది.

బస్సు ఆమె కోసం ఆగలేదు. ఆ పురుగుకు చివరికి ఏ పేరు పడిందో నాకు తెలియదు. కొన్నేళ్లకు, పరీక్ష తప్పిన పిల్లవాడి మార్కులు దిద్దమని మా బడి కరెస్పాండెంటు తలుపు వేసి కూర్చున్నప్పుడు, నేనూ ఆ రెండు మాటలే అన్నాను.