నా బదులు బడికెళ్ళిన మామ్మ

అప్పట్లో మా పేటలో ఎవరైనా లేవకుండా పడుకుంటే జ్వరమనేవారు, లేదంటే గాలి సోకిందనేవారు. దిగులు కూడా మనిషిని పడగొడుతుందని ఎవరికీ తెలియదు, నాకసలే తెలియదు. నాకు పదహారేళ్ళు. మా అప్పకి, అంటే అక్కకి, ఒరిస్సా వైపు సంబంధం కుదిరి, పెళ్ళయి వెళ్ళిపోయింది. పుట్టినప్పటి నుంచీ ఇద్దరం ఒకే చాప మీద పడుకున్నవాళ్ళం. ఆ చాప ఒక్కసారిగా ఎంత వెడల్పయిపోయిందో! అప్పకి ఉత్తరం రాయాలనే, ఎదిగిన ఆడపిల్లలకి పంతులమ్మ మధ్యాహ్నాలు బడి వరండాలో చెప్పే చదువులో చేరాను. (అంతవరకూ నాకు గీతంటే పడవకేసే రంగు గీతే.) తొమ్మిది అక్షరాలు వచ్చాయి. ఉత్తరానికి ఇంకెన్ని కావాలో తెలిశాక గుండె జారిపోయింది. గోడవైపు తిరిగి పడుకున్నాను, అయిదు రోజులు.

అయితే బడిలో నా చోటు పోతుందని భయం. మా ఊళ్ళో పెద్ద వల లాగేటప్పుడు ఇంటిమనిషి రాలేకపోతే, బదులు ఇంకొకరు తాడు పట్టుకుంటే చాలు, ఆ ఇంటి వాటా ఆ ఇంటికొచ్చేస్తుంది. బడీ అంతేననుకున్నాను. (నవ్వితే నవ్వండి.) మా నాన్నని కన్నతల్లితో, "మామ్మా, నా బదులు నువ్వెళ్ళి కూకో," అన్నాను. అరవయ్యేళ్ళ మనిషి, చుట్ట ఆర్పి చెవి మీద దోపుకుని, పలక చంకనెట్టుకుని బయల్దేరింది.

పంతులమ్మ హాజరు పిలుస్తూ నా పేరు దగ్గరికి వచ్చేసరికి మామ్మ చెయ్యెత్తిందట.

"నువ్వెవరు మామ్మా?"

"దాని బదులునమ్మా. అది లెగట్లేదు, తినట్లేదు, మాటాడట్లేదు. బూతవైద్యుడు ఏపమండల్తో కొట్టినాడు. ఆడి సెయ్యి నొచ్చింది గానీ దీనికేటీ అవలేదు."

పంతులమ్మ నవ్వలేదట, వెళ్ళిపొమ్మనీ అనలేదట. "సరే, ఈ చోటు దానిదే. అది వచ్చేదాకా నువ్వు కాపలా ఉండు," అందట.

ఆ సాయంత్రమే పంతులమ్మ మా ఇంటికొచ్చింది. చేపల వాసన పడని మనిషి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నా పక్కన కూర్చుంది. తిట్టలేదు, ధైర్యం చెప్పలేదు. చాలాసేపయ్యాక, "అప్ప గుర్తొస్తోందా?" అని మాత్రం అడిగింది. భూతవైద్యుడు నన్ను ఎన్నో అడిగాడు గానీ ఈ ఒక్కటీ అడగలేదు. బావురుమన్నాను. ముక్కు మీది కొంగు తీసి దాంతోనే నా మొహం తుడిచింది.

ఆ తర్వాత మూడోనాడు బడికెళ్తే నా చోట్లోంచి మామ్మ లేవదే! "మద్దిలో లెగమంటే ఎలాగే? నా సదువు పాడైపోదా? పక్కన కూకో," అంది. నవ్వొచ్చేసింది. ఆ నవ్వు ఎవరిదా అని నేనే అటూ ఇటూ చూశాను. అప్పకి ఉత్తరం రాయగలిగేసరికి ఏడాది పట్టింది.

ఇప్పుడు మామ్మ వయసు దాటేశాను. మొన్న మనవరాలు కాలేజీ మానేసి గదిలో పడుకుంటే, ఊరికే పక్కన కూర్చుందామనే వెళ్ళాను. రెండు నిమిషాలు ఆగలేక గంటసేపు నీతులు చెప్పాను. చివరికి అదే నా మోకాలి మీద చెయ్యేసి, "సాల్లే మామ్మా, మాటాడకుండా కాసేపు కూకో," అంది.

కూర్చున్నాను.