నాగవ్వ మంచం మీది ఫెర్న్

బోధన్‌లో ట్రాక్టర్ సీట్లకు రెగ్జిన్ కుట్టే ఆత్మారాం చెయ్యి తిరిగిన పనివాడే. బజారుకు పంపితే మాత్రం నమ్మలేని మనిషి. ఒకసారి ఉప్పుకు పోయి గాలిపటం తెచ్చాడు. అందుకే ఆ ఎండాకాలం, తల్లి నాగవ్వ పడుకునే వెనక గదిలో ఫ్యాను కాలిపోయినప్పుడు, భార్య సుమిత్రమ్మ వాకిలి దాటేదాకా వెంటబడి మరీ చెప్పింది.

"ఫ్యాను. రెక్కలుంటయి. గిర్రున తిరుగుతది. గదే తే."

నిజామాబాద్‌లో బస్సు దిగేసరికి ఎండ నెత్తి మాడుస్తోంది. ఫ్యాన్ల దుకాణం దాకా నడవలేక ఆత్మారాం దారిలో ఉన్న నర్సరీలో దూరాడు. పచ్చటి వల కింద, తడిమట్టి వాసనకు ప్రాణం లేచొచ్చింది. ఎదురుగా వేలాడే కుండీలో ఒక ఫెర్న్ మొక్క. ఆకులు జడల్లా నాలుగు పక్కలా జారి మెల్లగా ఊగుతున్నాయి.

"గీ సల్లదనమంత దీనిదేనా?"

నర్సరీ ఆయనకు గిరాకీ సంగతి అర్థమైంది. "మరి! ఫెర్న్ అంటరు. ఎండ తగలనియ్యద్దు, మట్టి ఆరనియ్యద్దు. నీడల వేలాడేసి ఇన్ని నీళ్లు సిలకరిస్తే సాలు. కరెంటు సుత అక్కర్లేదు."

ఆ చివరి మాటకు ఆత్మారాం పడిపోయాడు. అక్కడి నుంచే ఇంటికి ఫోన్ కొట్టాడు. "ఫెర్న్ తీస్కున్న."

సుమిత్రమ్మ చెవికి అది ఫ్యానని వినబడింది. పెళ్లయిన ఇన్నేళ్లకు చెప్పింది చెప్పినట్టు తెస్తున్నాడని మురిసిపోయి, కరెంటు పని చేసే వేణును నిచ్చెనతో సహా పిలిపించింది.

సాయంత్రం ఆత్మారాం కుండీని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో దిగాడు. సుమిత్రమ్మ ఆటో లోపలికి తొంగి చూసింది, సీటు కింద చూసింది.

"ఫ్యానేది?"

"గిదే."

నిచ్చెన మీద సిద్ధంగా ఉన్న వేణు మెడ వంచి చూశాడు. "రెక్కలు మస్తున్నయి గని అన్నా, వైరేది?"

ఆ తర్వాత సుమిత్రమ్మ అన్న మాటలు వాడకట్టంతా విన్నది, రాయడానికి బాగుండవు. ఆ గోలలో వేణు, వచ్చినందుకు ఏదో ఒకటి బిగించాలని, ఫ్యాను కొక్కేనికే కుండీని తగిలించి నిచ్చెన భుజానేసుకుని జారుకున్నాడు.

కుండీ సరిగ్గా నాగవ్వ మంచం మీదికొచ్చింది. తెల్లారి ఆత్మారాం స్టూలెక్కి నీళ్లు పోశాడు. అడుగు చిల్లుల్లోంచి టపటపా ముసలామె మొహం మీద పడ్డాయి.

"ఓరి కొడుకా, పాణముండంగనే స్నానం పోస్తున్నవార!"

నాగవ్వ మంచం గోడకు జరుపుకుంది. ఎండలు ముదిరే కొద్దీ మంచం రోజుకింత మళ్లీ కుండీ కిందికే జరిగింది. మధ్యాహ్నం నుదుటి మీద చుక్క పడితే, "ఇంకిన్ని పొయ్యి బిడ్డా," అనేది.

ఇంతలో ఒకనాడు సుమిత్రమ్మ ఆకుల వెనక వరుసగా గోధుమరంగు చుక్కలు చూసి కేకేసింది. "పురుగు వట్టింది! పారేయుండ్రి!"

ఆత్మారాం హడావిడిగా నర్సరీకి ఫోన్ చేసి వచ్చాడు. "పురుగు కాదంట. దాని ఇత్తులసొంటియంట. గా సుక్కలల్లకెల్లే పిల్లలు లేస్తయంట."

మంచంలోని నాగవ్వ లేచి కూర్చుంది. "అయ్యో, బాలింతనా! ఎవ్వలు ముట్టకుండ్రి."

ఇద్దరికీ మతి పోయిందని తేల్చుకుని సుమిత్రమ్మ తానే బస్సెక్కి పోయి టేబుల్ ఫ్యాను కొనుక్కొచ్చింది. గదిలో పెట్టి తిప్పింది. ఆ వడగాలికి నాలుగు రోజుల్లో ఆకుల కొసలు కరకరా ఎండిపోయాయి.

"బాలింతకు గాలి తగలద్దని ఎరుక లేదానే?" అని నాగవ్వ కట్టె అందుకుంది. ఫ్యాను బయటికొచ్చింది.

ముందు గదిలో పెట్టుకుందామంటే, సుమిత్రమ్మ బీడీలు చుట్టేది అక్కడే. మీట నొక్కగానే చాటలోని తంబాకు దుమ్ము లేచి, ఇంటిల్లిపాదీ పొద్దుగూకేదాకా తుమ్మారు. చివరికి ఫ్యాను ఆత్మారాం దుకాణానికి పోయింది. ఇప్పుడు సీటు చిరగకపోయినా ట్రాక్టర్ డ్రైవర్లు వచ్చి కూర్చుంటున్నారు.

మొన్న మధ్యాహ్నం అన్నానికి వచ్చిన ఆత్మారాంకు ఇల్లంతా వెతికినా భార్య కనబడలేదు. వెనక గదిలోకి పోతే అత్తాకోడళ్లు ఒకే మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు.

"జర అటు జరుగు అత్తా, సుక్కలన్నీ నీ మీదనే వడుతున్నయి," అంటోంది సుమిత్రమ్మ. మొగుణ్ని చూసి లేవను కూడా లేదు. "సూస్తున్నవేంది? స్టూలెక్కి కుండీ ఇటు తిప్పు."