ఎవరో పంపిన మా ఇల్లు

బాబుపేట్‌లో మా ఇల్లు మరాఠీవాళ్లుండే ఒక ఇరుకు గల్లీలో ఉంటుంది. మా ఆయన ఘుగ్గుస్ బొగ్గు గనిలో పని చేస్తాడు. పొద్దున ఆయన షిఫ్టుకు వెళ్లాక ఇంట్లో మిగిలేది నేనూ మా అత్తా. ఆ తీరికలోనే వంటల వీడియోలు మొదలుపెట్టాను. సర్వపిండి, పచ్చిపులుసు, మక్కగారెలు, అన్నీ మా అత్త చేతి వంటలే. ముఖం చూపించేదాన్ని కాదు. చేతులూ గిన్నెలూ కనిపించేవి, అంతే. చూసేవాళ్లు కూడా కొద్దిమందే.

ఒక మధ్యాహ్నం పేరూ ముఖమూ లేని ఖాతా నుంచి మెసేజి వచ్చింది. తెరిస్తే మా ఇంటి గేటు ఫొటో. కింద ఒక్క మాటా లేదు. తెలిసినవాళ్లెవరో సరదాకి పంపి ఉంటారని వదిలేశాను. నాలుగు రోజుల తర్వాత ఇంకోటి వచ్చింది, మా వంటింటి కిటికీ. ముందురోజే దానికి కొత్త తెర కట్టాను. ఈసారి కింద మరాఠీలో రాసి ఉంది: "హిరవా పడదా ఛాన్ ఆహే." ఆకుపచ్చ తెర బాగుందని.

లేచి వెళ్లి కిటికీ తలుపులు మూసేశాను. రెండు నిమిషాలకు ఫోను మళ్లీ మోగింది.

మూసిన కిటికీ ఫొటో.

ఆ ఖాతాను బ్లాక్ చేశాను. మర్నాడు ఇంకో ఖాతా నుంచి వచ్చింది. పట్టపగలు, వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్న మా అత్త. వీడియోలు ఆపేశాను. బట్టలు ఇంట్లోనే ఆరేసుకున్నాను. కూరగాయల బండి దగ్గర చేతిలో ఫోనున్న ప్రతి మగవాణ్నీ అనుమానంగా చూసేదాన్ని. ఫోను లేని మగవాడు ఎక్కడుంటాడు?

మా ఆయనకు చెప్పడానికి వారం పట్టింది. వీడియోలు పెట్టబట్టే ఇదంతా అంటాడేమోనని నా భయం. ఆయన ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు.

"గిన్ని దినాలు ఒక్కదానివే మోసినవా?" అన్నాడు చివరికి. "రేపు లీవ్ వెడ్త. పోలీసుల తాన్కి పోదాం."

మా అత్తకు చదువు రాదు. ఫోను అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని తన ఫొటోనే చూసింది.

"గీడ సూడుండ్రి. గోడ మీద చాటల మిరపకాయలు ఎండవెట్టిన గదా, అన్నీ కనవడ్తున్నయి. కింద నిలవడి దీస్తే చాట అడుగే కనవడ్తది. వీడు మీదికెళ్లి దీసిండు."

ముగ్గురం తలుపు సందులోంచి చూశాం. ఎదుటి ఇంటి మేడ మీద ఒక్క గది ఉంది. దానికి ఒక్కటే కిటికీ.

మర్నాడు స్టేషన్‌లో ఫిర్యాదు రాసిచ్చాం. మెసేజిలేవీ చెరపలేదు గనుక అన్నీ చూపించాం, ఆ మేడ గది సంగతీ చెప్పాం. కొన్నాళ్లకు మమ్మల్ని పిలిచారు. ఆ గదిలో అద్దెకుండే మనిషి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రెండేళ్లుగా మా ఎదురుగానే ఉంటున్నాడట. ఎంత ఆలోచించినా ఆ ముఖం ఎప్పుడూ చూసినట్టు అనిపించలేదు.

నన్ను చూసి చుట్టంలా నవ్వాడు.

"అత్తమ్మకు మోకాలు నొప్పి తగ్గిందా వదినా?" అన్నాడు తెలుగులో.

ఆ గల్లీలో తెలుగువాళ్లం మేమొక్కరమేనని, ఇంట్లో మాటలన్నీ గట్టిగానే మాట్లాడుకునేవాళ్లం.

కేసు రాసుకున్నారు, అతని ఫోను తీసుకుని మనిషిని పంపేశారు. వారం తిరక్కముందే అతను గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఫొటోలు మరెక్కడైనా దాచుకున్నాడో లేదో కూడా తెలియదు. మళ్లీ మాత్రం ఏమీ రాలేదు.

ఒక సాయంత్రం ఎదుటి ఇంటావిడ ఆ గది తాళం తీస్తే నేనూ మా అత్తా మేడెక్కాం. గది ఊడ్చినట్టు ఉంది. కిటికీ దగ్గర నిలబడ్డాను. మా వాకిలి, మా పొయ్యి, పొయ్యి మీది గిన్నె, అన్నీ చేతికందేటంత దగ్గరగా ఉన్నాయి. మా ఆయన నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటూ ఏదో పాడుకుంటున్నాడు. మాట మాటా వినిపిస్తోంది.

"ఓ బిడ్డా!" అని కొడుకును కేకేసింది మా అత్త.

ఆయన గేటు వైపు చూశాడు. తర్వాత గల్లీలోకి తొంగి చూశాడు. పైకి మాత్రం చూడలేదు.