నెలకో పాట బావ

బావ చివరిసారిగా చేసిన మామూలు పని తన అభిమాన పాటను మార్చుకోవడం.

అది నెలలో మొదటి ఆదివారం. టైలర్ మాస్టారి దుకాణం మేడమీది గదిలో, బట్టల తానుల మధ్య కూర్చుని, ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేయి గుండెల మీద పెట్టుకుని, "నిజం చెప్తున్నా, నా జన్మకి 'యజమానికి జ్వరం' ఒక్కటే పాట. మిగతావన్నీ వట్టి చప్పుడు" అన్నాడు. అంతకు ముందు నెల అదే చేయి అదే గుండెల మీద పెట్టుకుని అదే మాట 'వద్దంటే వద్దు' గురించి అన్నాడు. ఆ ముందు నెల ఇంకోదాని గురించి.

గురువారం పొద్దున్న పనికి బయలుదేరి, బూట్ల లేసులు కట్టుకోవడానికి గుమ్మంలో వంగినవాడు మళ్ళీ లేవలేదు. మాట మార్చుకునే అవకాశం ఆయనకిక దొరకలేదు. అలా 'యజమానికి జ్వరం' బావగారి ఆఖరి అభిమాన పాటగా స్థిరపడిపోయింది. ఈ సంగతి మరదలికి మాత్రం మింగుడుపడలేదు. ఆ పాట మోగుతున్నంతసేపూ ఆయన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చోవడం ఆమె కళ్ళారా చూసింది.

మాట మీద నిలబడకపోవడం బావకున్న ఒకే ఒక్క అవలక్షణం, అదీ పాటల దగ్గరే. మిగతా విషయాల్లో ఆయన మాట ఇనుప కడ్డీ. లిఫ్టు మెకానిక్కు. పదింటికి వస్తానంటే పదింటికి మోచేతిదాకా గ్రీజుతో మీ గుమ్మం ముందు ఉండేవాడు. పాతికేళ్ళు ఒకటే పానా, ఒకటే రంగు చొక్కా, ఒక్కతే భార్య. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం గోడ మీది పిల్లి ఆయన కంటే నయం. అది రెండు పక్కలకే దూకుతుంది.

ఆ పాటలు 'తుప్పు గొళ్ళెం' అనే పంక్ రాక్ బ్యాండువి. బ్యాండులో నలుగురు. ముగ్గురికి వాయించడం రాదు. నాలుగోవాడికి వచ్చని మిగతా ముగ్గురికీ కోపం. ఐదు ఆల్బములు, అరవై రెండు పాటలు. అన్నీ వరసగా విన్నా రెండు గంటలు పట్టవు. మొదటి ఆల్బమ్ పేరు 'ఇరుగుపొరుగుకు క్షమాపణ లేదు'. అది వేసినప్పుడల్లా పక్క దుకాణంవాళ్ళు గోడ మీద దబదబ కొట్టేవాళ్ళు. రికార్డులో డ్రమ్ముల కంటే ఆ గోడ కొట్టుడే తాళంలో ఉంటుందని లెక్కల టీచరమ్మ అభిప్రాయం.

ఈ బ్యాండుకి ఆ ఊళ్ళో ఆరుగురు అభిమానులు. టైలర్ మాస్టారు, టీచరమ్మ, పళ్ళ డాక్టరు, బస్సు డ్రైవరు, బావ, మరదలు. ఏడో మనిషి, పోస్టాఫీసు గుమాస్తా, కొన్నాళ్ళ తర్వాత చేరాడు. నెలకోసారి కలిసి, తలా ఒక పాట పేరు చెప్పి, అది ఏ ఆల్బములోదో, ఎందుకు గొప్పదో వాదించుకునేవాళ్ళు. నలభై దాటిన మనుషులు ఒక అరుపు గొప్పదా, ఇంకో అరుపు గొప్పదా అని కత్తులు దూసుకోవడం చూసి, మేడ మీదికి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలివ్వకుండానే దిగిపోయేవాళ్ళు.

మరదలు ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. క్రమం లేనిది ఏదీ ఆమెకు గిట్టదు. మొదటి సమావేశంలోనే ఒక నియమం పెట్టింది. రెండు ఓట్లు వచ్చిన పాట ఆ రోజు మోగుతుంది, గోడ మీది జాబితాకి ఎక్కుతుంది. ఒక్క ఓటే వస్తే ఎర్ర పెన్సిల్‌తో, స్కేలు పెట్టి కొట్టేయడమే. ఆ తర్వాత ఏడాదిదాకా దాని పేరెత్తకూడదు.

"ఒక్కరికే నచ్చిన పాట ఇంట్లో వినండి, ఇంతమందిని ఎందుకు చంపడం" అని ఆమె వాదన.

నియమం బాగా పనిచేసిందనే చెప్పాలి. వీళ్ళలో వీళ్ళు జతలు కట్టి, విడిపోయి, మళ్ళీ కట్టేవాళ్ళు. ఎర్ర పెన్సిల్ బల్ల మీద కనిపిస్తే చాలు, అందరికీ బుద్ధి వస్తోందని ఆమె లోలోపల గర్వపడేది.

బావ పెట్టిన షరతు ఒకటే. తన పాట చివర చెప్తాడు.

"ఎందుకు బావా, అందరివీ విని కాపీ కొడదామనా?"

"కాదమ్మా మరదలా. అందరూ ఎక్కాక తలుపు వేయడం మా వృత్తి ధర్మం."

అందరూ చెప్పడం అయ్యాక ఆయన గొంతు సవరించుకునేవాడు. ఇక చూసుకోండి. ఆ నెల ఏ పాటను పట్టుకున్నాడో దానికి తన బాల్యాన్ని, పెళ్ళిని, మోకాలి నొప్పిని ముడిపెట్టేవాడు. 'గోడకి చెవులుంటే కోసెయ్' పాట వినే తాను లిఫ్టుల పనిలో చేరానన్నాడు. మూడు నెలల తర్వాత, 'నా కుర్చీలోంచి లే' విన్నాకే చేరానన్నాడు.

టీచరమ్మ ఊరుకునే మనిషి కాదు. "పోయిన నెల ఏమన్నారు మీరు? రెండో ఆల్బము తప్ప మిగతావి చెత్తబుట్టలో వెయ్యమన్నారు."

"అది పోయిన నెల మనిషి అన్నాడు టీచరమ్మా. ఆయన ఎక్కడున్నాడో నాకూ తెలీదు."

"మా పిల్లలు పరీక్షలో ఇలా రాస్తే సున్నా వేస్తాను."

"వెయ్యండి. సున్నాకి ఏ పక్క నుంచి చూసినా మార్పుండదు. నాకు లేని గుణం అదే గదా."

గుమాస్తా మొదటిసారి వచ్చిన రోజు ఎవరూ మర్చిపోలేరు. నోట్లో నాలుక లేని మనిషి. గుమ్మం దగ్గరి స్టూలు మీద, ఎప్పుడైనా పారిపోవడానికి వీలుగా కూర్చున్నాడు. తన వంతు వచ్చినప్పుడు చెప్పులకేసి చూస్తూ 'దగ్గు' అన్నాడు. దగ్గు వస్తోందేమోనని మాస్టారు మంచినీళ్ళు తెచ్చాడు. కాదు, అది పాట పేరు. నాలుగో ఆల్బములో పాటగాడు నిజంగానే దగ్గుతుంటే ఎవరో రికార్డింగు ఆపడం మర్చిపోయిన పాట. డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమాస్తా చెవులు ఎర్రబడ్డాయి. మరదలు పెన్సిల్ అందుకుంది.

అప్పుడు బావ లేచి నిలబడ్డాడు. "ఆగండాగండి. నేను ఇన్నేళ్ళు ఎవరైనా ఈ పాట పేరెత్తుతారా అని చూస్తున్నా. ఆ రెండో దగ్గు ఉంది చూశారూ, అందులో ఉన్నంత నిజాయితీ మొత్తం పంక్ సంగీతంలో లేదు."

"నాకు మూడో దగ్గు ఇష్టమండీ" అన్నాడు గుమాస్తా, ఆ గదిలో పూర్తి వాక్యం మొదటిసారి మాట్లాడుతూ.

"మూడోది వేరే లెవెలు. దాని జోలికి మనబోటివాళ్ళం వెళ్ళకూడదు."

పాట మోగింది. పక్క దుకాణంవాళ్ళు గోడ కొట్టలేదు. ఎవరికో ఒంట్లో బాగాలేదనుకున్నారు. గుమాస్తా ఆ తర్వాత ఒక్క నెల కూడా మానలేదు.

ఆఖరి ఆదివారం కూడా మరదలు ఆయన్ని వదిలిపెట్టలేదు. మెట్లు దిగుతూ, "బావా, నిజం చెప్పు. నీకు అసలు ఇష్టమైన పాటంటూ ఒకటి ఏడ్చిందా?" అంది.

"ఉందమ్మా."

"ఏది?"

"వచ్చే నెల చెప్తా." ఆ మాట మాత్రం ఆయన నిలబెట్టుకోలేదు.

రెండు వారాల తర్వాత బావ భార్య, అంటే మరదలి అక్క, చెల్లెలికి కబురు పెట్టింది. అక్కకి ఆ బ్యాండంటే పడదు. పెళ్ళయిన కొత్తలో బావ ఒక పాట వినిపించబోతే, 'ఇంట్లో మిక్సీ ఉంది, చాలు' అన్న మనిషి. ఆనాటి నుంచి బావ ఇంట్లో రికార్డు వేయలేదు.

"వచ్చే ఆదివారం మీ మేడ గదికి నేనూ వస్తానే" అంది అక్క. "ఆయనకి అన్నిటికంటే ఇష్టమైన పాట ఒక్కటి వెయ్యండి. ఇన్నేళ్ళలో ఒక్కటీ కూర్చుని వినలేదు. ఆ ఒక్కటీ వింటాను. ఏదో ఒకటి వేసి నన్ను పంపించెయ్యకు, తెలిసిందా? ఆయనదే కావాలి."

"సరే అక్కా" అంది మరదలు. అనేసింది గాని, ఏదని వేస్తుంది?

వెంటనే అభిమానులందరినీ మేడ మీద కూర్చోబెట్టింది. ప్రశ్న ఒక్కటే: బావకి నిజంగా ఇష్టమైన పాట ఏది?

"ఇందులో అడిగేదేముంది, 'నా కుర్చీలోంచి లే'. భుజం మీద చెయ్యేసి మరీ చెప్పాడు నాకు" అన్నాడు డ్రైవరు.

"భుజం మీద చెయ్యి అందరికీ వేస్తాడు" అన్నాడు డాక్టరు. "నాతో 'పన్ను పీకితే పాట' విని కన్నీళ్ళు పెట్టుకున్నాడు."

"అవి మా తానుల దుమ్ముకి వచ్చిన కన్నీళ్ళు డాక్టరు గారూ. ఆయనకి దుమ్ము పడదు" అన్నాడు మాస్టారు. "ఆయన అసలు పాట 'సూదీ లేదు దారమూ లేదు'. నాకు మాటిచ్చాడు."

"మీకు మాటిచ్చాడా" అంది టీచరమ్మ, జాలిగా.

గుమాస్తా ఒక్కసారి మెల్లిగా దగ్గాడు. అది దగ్గో వాదనో ఎవరికీ తెలియలేదు.

అరగంట కొట్టుకున్నాక తేలింది ఇది: ఆరుగురికీ ఆరు పాటలు, ఆరుగురి దగ్గరా సాక్ష్యం ఉంది. మరదలి దగ్గర కూడా ఉంది. ఆమె పాట 'ఇంకా రాని బస్సు'. మూడో ఆల్బములో, బ్యాండు పొరపాటున నెమ్మదిగా వాయించిన పాట. దాన్ని విని డ్రైవరు ప్రతిసారీ 'నా మీద అభాండం' అనేవాడు. కానీ బావ మాత్రం ఎన్నోసార్లు తల ఊపి, 'మరదలు చెప్పాక కాదనడానికి ఏముంది, నా పాటా ఇదే' అన్నాడు. తన వాదన అంత బలంగా ఉంటుందని ఆమె నమ్మకం.

శనివారం మధ్యాహ్నం ప్రెస్సుకి సెలవు పెట్టి ఆమె సమావేశాల నోటు పుస్తకాలు ముందేసుకుంది. పదకొండేళ్ళు, నూట ముప్ఫై సమావేశాలు. అప్పుతచ్చులు దిద్దేటప్పుడు చేసినట్టే స్కేలు అడ్డం పెట్టి, ఒక్క బావ పేరు మీదే వేలు నడుపుతూ పోయింది. ఏ పాట ఎక్కువసార్లు వస్తే అదే అసలు పాట అని ఆమె లెక్క.

లెక్క తేలలేదు. మరొకటి తేలింది. దాదాపు ఏ నెల చూసినా బావ పాటకి ఓట్లు రెండే. ఒకటి ఆయనది. ఇంకొకటి ఆ పాటను నెత్తిన పెట్టుకుని ఒంటరిగా మిగిలిన మనిషిది. ఆరుగురూ జతలు కట్టుకున్న నెల ఎవరో ఒకరి పక్కన నిలబడ్డాడు గాని, కొత్త పాట ఎత్తలేదు. ఒక నెల ఇద్దరు ఒంటరిగా మిగిలారు. ఆ రోజు సంగతి ఆమెకి గుర్తుంది. 'బస్సు బ్రేకు సంగతి మాట్లాడాలి' అని బావ డ్రైవరుని మెట్ల మీదికి తీసుకెళ్ళాడు. తిరిగొచ్చిన డ్రైవరు, తన ఓటు మార్చుకుంటున్నానన్నాడు. లిఫ్టు మెకానిక్కుకి బస్సు బ్రేకులతో పనేమిటని ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఒక తప్పు ఒకసారి వస్తే అచ్చుతప్పు. నూట ఇరవై తొమ్మిదిసార్లు వస్తే అది రాసినవాడి పద్ధతి. ఇంత చిన్న సంగతి పట్టుకోవడానికి, తప్పులు పట్టడమే పనిగా బతికే మనిషికి పదకొండేళ్ళు పట్టింది.

'ఇంకా రాని బస్సు' ఎదురుగా బావ పేరు ఇరవై ఆరుసార్లు ఉంది. తన వాదన బలం ఏపాటిదో ఆమెకి అర్థమైంది. ఒక్కత్తే కూర్చుని నవ్వింది. ఆ తర్వాత కళ్ళజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

నూట ఇరవై తొమ్మిది అయ్యాయి. మిగిలింది ఒక్కటి, మొట్టమొదటి సమావేశం. ఆ రోజు ఇంకా ఆ షరతు లేదు. బావ అందరికంటే ముందు చెప్పాడు. పాట పేరు 'మెట్లెక్కి రా'. ఐదో ఆల్బములో ఆఖరిది, యాభై రెండు సెకన్లు. ఓట్లు: ఒకటి. 'కారణం' అన్న గడిలో ఆమె చేతిరాతే ఉంది: 'చెప్పేలోపు అందరూ నవ్వారు.' లిఫ్టు మెకానిక్కు మెట్ల పాట ఎత్తుకుంటే ఎవరు నవ్వరు? దాని మీద ఎర్ర గీత, స్కేలు పెట్టి గీసింది, తిన్నగా. పుస్తకాలన్నీ తిరగేసింది. పదకొండేళ్ళలో ఎర్ర గీత అదొక్కటే.

ఏడాది గడిచాక ఆయన ఆ పాట మళ్ళీ ఎత్తుకోవచ్చు. నియమం ఒప్పుకుంటుంది. కానీ ఆయన ఓటు ఎప్పుడో గాని ఖాళీగా లేదు, ఉన్న నెల దానికి తోడు లేదు.

ఆదివారం అక్క వచ్చింది. మాస్టారు ఆమెకి కత్తిరింపుల బల్ల దగ్గర మంచి కుర్చీ వేశాడు. మరదలు ఏమీ వివరించకుండా రికార్డు పెట్టి సూది దించింది. ఉన్నమాట చెప్పుకోవాలి, అది చాలా అధ్వాన్నమైన పాట. డ్రమ్ములవాడు ముందే మొదలుపెట్టేశాడు, పాటగాడు పళ్ళు బిగబట్టుకుని ముక్కుతో ఏదో సాగదీశాడు, మధ్యలో ఎవరో మెట్ల మీద జారి పడిన చప్పుడు, అంతే. టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. డ్రైవరు నోరు తెరిచి, మరదలి మొహం చూసి మూసుకున్నాడు.

అక్క మాత్రం కుర్చీలో ముందుకి వంగింది.

"ఇంకోసారి వెయ్యవే."

వేసింది. అక్క వేలితో కుర్చీ చేతి మీద కొడుతూ, డ్రమ్ములవాడి కంటే సరిగ్గా, చివరిదాకా వెళ్ళింది. మెట్ల మీద జారి పడేది ఎక్కడో కూడా ఆమెకి ముందే తెలుసు.

"నీకెలా తెలుసక్కా ఇది?"

"ఇది పాటా?" అంది అక్క. "రోజూ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ ఇలాగే పళ్ళు బిగబట్టి మూలిగేవాడు మీ బావ. ఇన్నేళ్ళూ పంటి నొప్పనుకున్నానే నేను. ఉప్పునీళ్ళు పెట్టి పుక్కిలించమనేదాన్ని, చక్కగా పుక్కిలించేవాడు. తగ్గట్లేదని డాక్టరు గారి దగ్గరికి కూడా పంపించాను."

అందరూ డాక్టరు వైపు తిరిగారు.

"నాలుగుసార్లు వచ్చాడమ్మా" అన్నాడు డాక్టరు. "నోరు తెరవమంటే తెరిచాడు. పళ్ళన్నీ రాళ్ళలా ఉన్నాయి. ఏం నొప్పయ్యా అంటే, 'నాకేం లేదు, మా ఆవిడ బెంగపెట్టుకుంది, కాసేపు చూసినట్టు చెయ్యి' అనేవాడు."